టర్బైన్ స్టార్ట్ కావడం లేదా? పంపు వోల్టేజీ పెంచే ముందు ఇవి చూడండి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మోడల్ విమానానికి బిగించే 100 న్యూటన్ల (థ్రస్ట్) తరగతి కిరోసిన్ స్టార్ట్ టర్బైన్, అంటే నేరుగా కిరోసిన్‌తోనే అంటుకునే చిన్న జెట్ ఇంజన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఎనిమిది నెలలు పెట్టెలోనే ఉంది. స్టార్టర్ తిరుగుతోంది, గ్లో ప్లగ్ (కిరోసిన్‌ని అంటించే వేడి తీగ) బాగానే ఉందని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) చెబుతోంది. అయినా వెనక నుంచి తెల్ల పొగ తప్ప ఏమీ రావడం లేదు. మూడోసారి ప్రయత్నించినప్పుడు ఉన్నట్టుండి అర మీటరు పొడవున మంట బయటికి తన్నింది. ఆ తర్వాత రెండుసార్లు అంటుకుంది గానీ 18,000 ఆర్‌పీఎం దగ్గరే వేలాడి, 'యాక్సిలరేషన్ స్లో' అని చూపించి ఆగిపోయింది. స్టార్ట్ పంపు వోల్టేజీ పెంచమని ఎవరో చెప్పారు, పెంచమంటారా అన్నది మీ ప్రశ్న.

వద్దు. ఇప్పట్లో ఆ సెట్టింగు జోలికి వెళ్ళకండి. మీ ఇంజన్‌కి ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. అంటుకోకపోవడం ఒకటి, అంటుకున్నాక పైకి ఎక్కకపోవడం రెండోది. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏది తగ్గిందో ఏది ముదిరిందో తెలియదు. పైగా తెల్ల పొగ అంటే ఏమిటి? కాలని కిరోసిన్ ఆవిరి. అంటే ఇంధనం లోపలికి చేరుతూనే ఉంది, నిప్పే అందడం లేదు. అలాంటప్పుడు ఇంకాస్త ఇంధనం పోస్తే ఏమవుతుందో మూడోసారి మంట వచ్చినప్పుడు మీరే కళ్ళారా చూశారు.

వేరే ఏ పని మొదలుపెట్టకముందే ఇంజన్ లోపల నిలిచిన కిరోసిన్ తీసేయండి. ఫెయిలైన ప్రతి స్టార్ట్‌కీ కొంత కిరోసిన్ కేసింగ్ అడుగున చేరుతుంది. ఒకసారికి పెద్ద ఇబ్బంది ఉండదు. రెండు మూడు సార్లు కలిస్తే అది అంటుకున్న క్షణాన ఈసీయూ చేతుల్లో ఏమీ ఉండదు. పంపు ఆపినా మంట ఆగదు, ఎందుకంటే కాలుతున్నది అప్పటికే లోపల ఉన్న ఇంధనం. మోడల్ ముక్కు పైకెత్తి, టెయిల్ పైపు (వెనక ఎగ్జాస్ట్ గొట్టం) కిందికి వంచి, కింద పాత గుడ్డో పేపర్ టవలో పరిచి రెండు నిమిషాలు అలాగే పట్టుకోండి. చుక్కలు ఆగాక కొంచెం పక్కలకి వాల్చి మళ్ళీ చూడండి. తోకను మాత్రం పైకెత్తకండి, ఆ కిరోసిన్ అంతా ముందుకొచ్చి స్టార్టర్ క్లచ్‌ని తడిపేస్తుంది. ఆ క్లచ్ సంగతి తర్వాత వస్తుంది, అక్కడ ఇది గుర్తుపెట్టుకోండి.

మంటలు ఆర్పడానికి పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరే ఉండాలి, పౌడర్ ది కాదు. పౌడర్ మంటను ఆర్పుతుంది, దాంతోపాటు ఇంజన్‌నీ ముగిస్తుంది. బేరింగుల్లోకి వెళ్ళిన ఆ పొడిని కడిగి తీయడం మీ వల్లా నా వల్లా కాదు. టెయిల్ పైపులో మంట ఆగకపోతే గ్యాస్‌ని ముందువైపు ఇన్‌టేక్‌లోకి కొట్టాలి, ఆలోగా స్టార్టర్ తిరుగుతూ ఉంటే ఇంకా మంచిది. చాలామంది కంగారులో మంట కనిపించే వెనకవైపు కొడతారు.

ఇప్పుడు అసలు విషయం. స్టార్ట్ అన్నది ఇంత పెంకి వ్యవహారం ఎందుకో ఒక్కసారి అర్థమైతే మిగతా చెకింగ్ అంతా దానంతట అదే తేలిపోతుంది. ఈ చిన్న టర్బైన్లలో ఒకే కంప్రెసర్ వీలు (చక్రం), ఒకే టర్బైన్ వీలు, మధ్యలో ఒక షాఫ్టు. కంప్రెసర్ ఇచ్చే పీడనం దాదాపుగా వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. లక్షన్నర ఆర్‌పీఎం దగ్గర అది బయటి గాలి మీద 2 బార్ అదనపు పీడనం ఇస్తోంది అనుకుందాం. అందులో పదో వంతు వేగంలో, అంటే 15,000 దగ్గర, వచ్చేది నూరో వంతు. 0.02 బార్. మనం బుగ్గలు పూరించి గట్టిగా ఊదితే అంతకంటే ఎక్కువే వస్తుంది. ఆ కాస్త గాలితో మంట నిలబడాలి, ఆ మంట టర్బైన్ వీలుని తిప్పాలి, ఆ వీలు మళ్ళీ కంప్రెసర్‌ని తిప్పాలి. ఇంజన్ తన కాళ్ళ మీద తాను నిలబడే వేగం వచ్చేదాకా స్టార్టర్ మోటారు చేయి పట్టుకుని నడిపించాల్సిందే. కాబట్టి గాలి, నిప్పు, ఇంధనం ఈ మూడూ వాటి వాటి సమయానికి, వాటి వాటి మోతాదులో రావాలి. ఫెయిలైన ప్రతిసారీ వీటిలో ఏది తప్పిందో కనుక్కోవడమే మన పని.

అది కనుక్కోవడానికి ఈసీయూకి తగిలించే చిన్న తెర, అంటే డేటా టెర్మినల్లో రెండు అంకెలు చాలు. ఆర్‌పీఎం, ఈజీటీ (ఎగ్జాస్ట్ టెంపరేచర్, సెల్సియస్ డిగ్రీల్లో). మీరు 18,000 అని రాశారు గానీ ఆ సమయంలో ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఎంతో రాయలేదు. నాకు అన్నిటికంటే కావాల్సింది అదే. స్టార్టర్ తిరుగుతుండగా ఈజీటీ బయటి టెంపరేచర్ దగ్గరే ఉండిపోతే నిప్పు పడలేదు. ఈజీటీ 100 దాటి, మళ్ళీ జారిపోతే నిప్పు పడింది గానీ బర్నర్ దగ్గర ఇంధనం తెగుతోంది. ఆర్‌పీఎం ఎక్కకుండా ఈజీటీ మాత్రం గబగబా 700, 800 వైపు పరిగెడితే ఇంధనానికి తగిన గాలి లేదు. ఆర్‌పీఎంతో పాటు ఈజీటీ కూడా నీరసంగా ఉంటే ఇంధనం చాలడం లేదు. ఈ చివరి రెండూ బయటికి ఒకే ఎర్రర్‌గా కనిపిస్తాయి, 'యాక్సిలరేషన్ స్లో' అని. మందులు మాత్రం పూర్తిగా ఎదురుబొదురు. గాలి చాలని మొదటిదానికి పంపు పెంచితే టర్బైన్ వీలు కాలిపోతుంది. మీకు ఎవరో ఇచ్చిన సలహా నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే, ఆయన ఈజీటీ ఎంతో అడగకుండానే చెప్పాడు.

ఇక బ్యాటరీ. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 'ఫుల్ ఛార్జ్ అండీ' అంటారు. ఏ లోడూ లేనప్పుడు మీటర్ పెట్టి చూసిన వోల్టేజీ ఇక్కడ పనికిరాదు. గ్లో ప్లగ్, స్టార్టర్, పంపు, వాల్వులు అన్నీ ఒకేసారి కరెంటు లాగే కొన్ని సెకన్లు ఉంటాయి, ఆ సెకన్లలో ఎంత ఉందో చూడాలి. టెర్మినల్లో బ్యాటరీ వోల్టేజీ చూపించే పేజీ పెట్టుకుని స్టార్టర్ టెస్ట్ నొక్కండి. వోల్టేజీ ఒక్కసారిగా ఒక వోల్టుకు మించి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది, లేదా కనెక్టర్లో ఎక్కడో కరెంటుకి నిరోధం (రెసిస్టెన్స్) ఉంది. మీది లైఫ్ (LiFe, లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ అయితే ఇంకా జాగ్రత్త. దాని వోల్టేజీ గీత చదునుగా ఉంటుంది, సగం ఖాళీ అయినా అంకె పెద్దగా మారదు, చివర్లో ఒకేసారి కూలుతుంది. ఎనిమిది నెలలు పడున్న ప్యాక్ కాబట్టి నేనైతే ముందు కొత్త ప్యాక్ తగిలించి చూసి, ఆ తర్వాతే మిగతావి ముట్టుకుంటాను. చలిలో స్టార్ట్ చేస్తుంటే బ్యాటరీని కాసేపు గది వెచ్చదనంలో ఉంచి తీసుకెళ్ళండి, తేడా మీకే తెలుస్తుంది.

గ్లో ప్లగ్ బాగుందని ఈసీయూ అనడానికి అర్థం చాలా పరిమితం. తీగ తెగలేదు, కరెంటు పారుతోంది, అంతే. అది ఎంత వేడెక్కుతోంది, ఆ వేడి కిరోసిన్‌కి తగులుతోందా అన్నది దానికి తెలియదు. జెట్ ఏ-1 ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీలు. అంటే పెట్రోలులా దగ్గరికి నిప్పు వస్తే చాలు అంటుకునే రకం కాదు. సన్నని తుంపరగా వచ్చి, మండుతున్న తీగ మీద పడి, అక్కడ ఆవిరై, అప్పుడు అంటుకోవాలి. అందుకే ఈ ఇంజన్లకి వాడే గ్లో ప్లగ్‌లో తీగ చుట్టని కొంచెం బయటికి లాగి పెడతారు, రెండు మూడు చుట్లు ప్లగ్ నోటి బయటికి కనిపించేలా. ఎంత లాగాలో మీ మాన్యువల్లో బొమ్మ ఉంటుంది.

ప్లగ్ విప్పండి. వాషర్ ఎక్కడో పడిపోకుండా కింద తెల్ల గుడ్డ వేసుకోండి. ప్లగ్‌ని దాని వైరుకే తగిలించి, బాడీ ఎర్త్ కలిసేలా పెట్టి, ఈసీయూ టెస్ట్ మెనూలో గ్లో ప్లగ్ ఆన్ చేయండి. ఇంజన్లో నిలిచిన కిరోసిన్ తీసేశాకే, ఇంధనానికి దూరంగానే ఈ పని చేయండి. తీగ మొత్తం ఒకే తీరుగా, కాంతివంతమైన నారింజ రంగులో వెలగాలి. పసుపులోకి కాస్త తిరిగినా ఫర్వాలేదు. నీడలో మాత్రమే కనిపించే మసక ఎరుపు అయితే చాలదు. అడుగున ఎర్రగా ఉండి, బయటికి లాగిన చుట్లు నల్లగానే ఉంటే రెండు చుట్లు ఒకదానికొకటి తగులుతున్నాయన్నమాట, కరెంటు అడ్డదారిన పోతోంది. సన్నని సూదితో విడదీయొచ్చు గానీ ఆ తీగ చాలా పెళుసు, కొత్త ప్లగ్ చేతిలో పెట్టుకునే ఆ ప్రయోగం చేయండి. తీగ మీద నల్లటి మసి పెచ్చు కట్టినా అంతే, మార్చేయడమే మేలు. ఎనిమిది నెలలు తడి కిరోసిన్‌తో మూసి ఉన్న ఇంజన్లో నేను మొదట అనుమానించేది దీన్నే. మీది సిరామిక్ ఇగ్నైటర్ ఉన్న కొత్త రకం అయితే ఈ పేరా మీకు వర్తించదు, అవి చాలా మొండివి, సాధారణంగా వైరు కనెక్షన్ దగ్గరే తప్పు దొరుకుతుంది.

ఇంధనం వైపు వద్దాం. నా ఆదివారాల్ని అన్నిటికంటే ఎక్కువగా తినేసింది ఈ భాగమే.

ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చే వైపు. పంపు నుంచి ఇంజన్ దాకా ఉన్నది తోసే వైపు. తోసే వైపు లీకు ఉంటే కిరోసిన్ కారుతుంది, చేతికి తడి తగులుతుంది, వాసన వస్తుంది, వెంటనే దొరుకుతుంది. పీల్చే వైపు లీకు ఉంటే చుక్క కూడా కారదు. అది గాలిని లోపలికి లాక్కుంటుంది. బయటంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తూనే పైపులో బుడగలు నడుస్తుంటాయి. స్టార్ట్ సమయంలో పంపు తోసేది చుక్కల లెక్కన. ఆ దశలో పైపులో చిటికెన వేలి గోరంత బుడగ వచ్చినా బర్నర్ మంటకు ఒక సెకను ఇంధనం ఉండదు. మంట ఆరుతుంది, వెనకే వచ్చే కిరోసిన్ కాలకుండా పొగై పోతుంది. అచ్చం మీకు వచ్చిన తెల్ల పొగే.

నాకు ఒకసారి ఇలాగే అయింది. మూడు వారాల పాటు ఇంజన్ ఒక రోజు మొదటిసారికే అంటుకుంటుంది, మర్నాడు ఐదుసార్లు ప్రయత్నించినా అంటుకోదు. ప్లగ్ మార్చాను, బ్యాటరీ మార్చాను, చివరికి పంపుని కూడా అనుమానించాను. ఓ సాయంత్రం టార్చి లైటు పైపుకి వెనక నుంచి పట్టుకుని చూస్తుంటే ఫిల్టరుకు ముందున్న పుష్ ఫిట్ కనెక్టర్ నుంచి ఆవగింజంత బుడగలు వరసగా బయలుదేరుతున్నాయి. పైపు లాగి చూస్తే దాని చివర ఏటవాలుగా తెగి ఉంది. సైడ్ కట్టర్‌తో నేనే తొందరపడి కోసినది. పదునైన బ్లేడుతో 5 మిల్లీమీటర్లు నిటారుగా కోసి మళ్ళీ తోశాను, అంతే. ఆ మూడు వారాలూ పైపు ఏ కోణంలో వంగి కూర్చుంటే దాన్ని బట్టి గాలి లోపలికి పోవడమో పోకపోవడమో జరిగిందన్నమాట. అప్పటి నుంచి కట్టర్‌తో పైపు కోసేవాళ్ళని చూస్తే చేతిలోంచి లాక్కోవాలనిపిస్తుంది.

పీల్చే వైపు లీకు వెతకడానికి తేలిక మార్గం ఉంది. పంపు దగ్గర పైపు విప్పి ఆ చివర మూసేయండి. ట్యాంకు వెంట్ పైపుకి ఒక పెద్ద సిరంజి తగిలించి, మెల్లగా, చాలా మెల్లగా గాలి నెట్టండి. పీల్చే వైపు ఇప్పుడు తోసే వైపు అయింది కాబట్టి, దాక్కున్న లీకు చుక్కగా బయటపడుతుంది. టిష్యూ పేపరు ఒక్కో జాయింటు చుట్టూ పట్టి చూస్తే ఇంకా తొందరగా తెలుస్తుంది. ఫిల్టరు మూత ఓ-రింగు, ఎయిర్ ట్రాప్ (బుడగల్ని పట్టి ఆపే చిన్న ట్యాంకు) మూత, ట్యాంకు స్టాపరు, ఇవి మామూలు దొంగలు. ట్యాంకు లోపలి క్లంక్ పైపు (చివర బరువుతో ఇంధనం అడుగున ఉండి పీల్చే పైపు) గట్టిపడిందేమో కూడా చూడండి. కిరోసిన్‌లో నానిన పసుపు రంగు పైపులు కాలక్రమేణా మెత్తదనం పోయి పుల్లలా అవుతాయి, కొసన సన్నగా చీలుతాయి కూడా. అవి మార్చడానికి ఆలోచించనక్కర్లేదు.

తర్వాత పంపు. గేర్ పంపు లోపల మిగిలిన నూనె కలిపిన కిరోసిన్ నెలల తరబడి కదలకుండా ఉంటే జిగురు కడుతుంది. ఫుల్ వోల్టేజీకి పంపు తిరుగుతుంది, స్టార్ట్ దశలో ఇచ్చే చిన్న వోల్టేజీకి మాత్రం మొరాయిస్తుంది. లేదా కాసేపు మొరాయించి ఒక్కసారిగా ఊడివచ్చినట్టు తిరిగి గుక్కెడు కిరోసిన్ లోపల పోసేస్తుంది. మీ మూడోసారి మంట ఇలా కూడా వచ్చి ఉండొచ్చు. పరీక్ష చేసే ముందు ఇంజన్ దగ్గర ఫ్యూయల్ పైపు విప్పి, చివర సీసాలో పెట్టండి. ఈ ఒక్క మాట దయచేసి పట్టించుకోండి, పైపు ఇంజన్‌కి ఉండగా పంపు టెస్ట్ నొక్కితే మీరు ఇందాక వంచి తీసినదంతా మళ్ళీ నింపినట్టే. ముందు ఒక నిమిషం పంపుని వేగంగా తిప్పి కొత్త ఇంధనంతో కడగండి. ఆ తర్వాత స్టార్ట్ వోల్టేజీ దగ్గర పెట్టి పైపులో ఇంధనం అంచు ఎలా కదులుతోందో చూడండి. ఆగకుండా, ఒకే నడకతో నత్తలా ముందుకు రావాలి. తోసి ఆగి, తోసి ఆగి వస్తుంటే పంపు ఇంకా బిగిసే ఉంది. మళ్ళీ కడగండి. అప్పటికీ అలాగే ఉంటే పంపు సర్వీసుకి పంపాలి. స్టార్ట్ పంపు వోల్టేజీ పెంచమనే సలహా ఎక్కడి నుంచి వస్తుందంటే ఇలా బిగిసిన పంపుల నుంచే. పెంచితే ఆ రోజుకి స్టార్ట్ అవుతుంది. పంపు నలిగి ఫ్రీ అయ్యాక అదే వోల్టేజీ ఎక్కువైపోతుంది, అప్పుడు మొదలవుతాయి మంటలు.

వాల్వుల్ని మరవకండి. స్టార్ట్ లైను వాల్వు ఒకటి, మెయిన్ లైను వాల్వు ఒకటి. టెస్ట్ మెనూలో ఒక్కొక్కటీ ఆన్ చేస్తే వేలికి 'టక్' మని తగలాలి. చప్పుడు వచ్చినంత మాత్రాన సరిగా మూసుకుంటోందని కాదు. పంపు తిప్పుతూ, స్టార్ట్ వాల్వు మాత్రమే తెరిచి చూడండి. మెయిన్ పైపు చివర నుంచి చుక్క కూడా రాకూడదు. వస్తుంటే, బర్నర్ ఇంకా అంటుకోకముందే మెయిన్ ఇంజెక్టర్ల నుంచి ఇంధనం ఛాంబర్లోకి కారుతోందన్నమాట. తెల్ల పొగ, ఆలస్యంగా పడే నిప్పు, పెద్ద మంట, మూడూ ఒక్క దెబ్బకి అర్థమైపోతాయి. మోడల్లో ట్యాంకు ఇంజన్ కంటే ఎత్తులో ఉంటే ఇలాంటి వాల్వు నుంచి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు కూడా నెమ్మదిగా లోపలికి కారుతుంది. పొద్దున్నే మోడల్ తీస్తే టెయిల్ పైపు తడిగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కాబట్టి రెండు వాల్వుల వైర్లో పైపులో తారుమారు అయ్యాయేమో కూడా మాన్యువల్ బొమ్మతో పోల్చండి. నవ్వకండి, నేను చూశాను.

ఇంధనం విషయంలో రెండే మాటలు. పాత డబ్బాలో మిగిలినది పారేసి కొత్తగా కలుపుకోండి. నూనె శాతం మీ ఇంజన్ మాన్యువల్ ఎంత చెబితే అంత, చాలావాటికి అది 3 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది. ఆ నూనే బేరింగుల ప్రాణం, ఎందుకంటే వాటికి వేరే లూబ్రికేషన్ లేదు. డీజిల్‌తో నడిపేవాళ్ళూ ఉన్నారు, ఇంజన్ ఒప్పుకుంటే ఫర్వాలేదు. కానీ దాని ఫ్లాష్ పాయింట్ ఇంకా ఎక్కువ, చలిలో అంటుకోవడానికి సతాయిస్తుంది. సమస్య వెతికే రోజుల్లో కిరోసినే వాడండి.

రెండో జబ్బు, 18,000 దగ్గర వేలాడటం. పైన చెప్పినట్టు ఆ క్షణంలో ఈజీటీ ఎంతో చూడండి.

ఈజీటీ మండిపోతుంటే స్టార్టర్ చేయి సరిపోవడం లేదు. బ్యాటరీ చూసేశాం కాబట్టి మిగిలింది క్లచ్. మోటారు 'కీచు'మని గట్టిగా అరుస్తోంది, ఆర్‌పీఎం మాత్రం ఎక్కడం లేదంటే క్లచ్ జారుతోంది. చాలా ఇంజన్లలో ఇది చిన్న రబ్బరు ఓ-రింగు, కంప్రెసర్ నట్‌ని తాకి తిప్పుతుంది. దాని మీద నూనె కలిసిన కిరోసిన్ పొర ఉంటే జారక ఏం చేస్తుంది? తోక పైకెత్తొద్దని ముందే చెప్పింది ఇందుకే. ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఓ-రింగునీ, అది తాకే నట్ భాగాన్నీ తుడవండి. రింగు నున్నగా మెరుస్తూ అరిగిపోయి ఉంటే మార్చండి. స్టార్టర్ షాఫ్టు మీద జారుడు నూనె స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. గాలి వైపు కూడా చూసుకోండి. ఎదురుగాలికి ముక్కు పెట్టి స్టార్ట్ చేయాలి. వెనక నుంచి గాలి టెయిల్ పైపులోకి కొడుతుంటే స్టార్టర్ తోసే గాలికీ ఆ గాలికీ కుస్తీ, మధ్యలో మంట వేడెక్కిపోతుంది. ఆ 0.02 బార్ లెక్క గుర్తుంటే మెత్తని పిల్లగాలి కూడా ఎందుకు లెక్కలోకి వస్తుందో తెలుస్తుంది.

ఈజీటీ కూడా మందకొడిగా ఉంటే మళ్ళీ ఇంధనం వైపే చూడాలి. ఫిల్టరు మూసుకుపోయిందా, మెయిన్ వాల్వు పూర్తిగా తెరుచుకుంటోందా, పైపు ఎక్కడైనా నలిగిందా, బుడగలున్నాయా. ఇవన్నీ బాగుండి కూడా అలాగే ఉంటే లోపలి సన్నని ఇంజెక్టర్ సూదుల్లో మసి గట్టిపడి ఉండొచ్చు. దానికో గుర్తు ఉంది. కాస్త మసక వెలుతురులో, ఏటవాలుగా, దూరంగా నిలబడి స్టార్ట్ సమయంలో టెయిల్ పైపు గమనిస్తే ఒక పక్క మాత్రమే ఎర్రగా వెలుగుతుంది. కొన్ని సూదులకే ఇంధనం అందుతోందన్నమాట. ఈ పని మాత్రం ఇంట్లో చేయకండి. లక్ష దాటి తిరిగే షాఫ్టుని విప్పి మళ్ళీ బిగిస్తే బ్యాలెన్స్ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తయారీదారుకి పంపండి.

అదే అదనుగా ఈజీటీని కొలిచే థర్మోకపుల్ కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే ఇంతసేపూ మనం నమ్ముకున్నది దాన్నే. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు టెర్మినల్లో ఈజీటీ గది టెంపరేచర్‌కి దగ్గరగా ఉండాలి. కొనని వేళ్ళతో పట్టుకుంటే రెండు మూడు డిగ్రీలు పెరగాలి. తగ్గితే వైర్లు తిరగబడ్డాయి. ఇవి మామూలుగా కే రకం, డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు మాత్రమే ఇస్తాయి కాబట్టి తుప్పు పట్టిన పిన్ను కూడా లెక్క మార్చేస్తుంది. వైరు చాలక ఎవరైనా మామూలు రాగి వైరు అతికించి ఉంటే ఆ అంకెను నమ్మలేం. కొన ఎగ్జాస్ట్ దారిలోకి మాన్యువల్లో చెప్పినంత దూరమే వెళ్ళాలి. బయటికి జారి ఉంటే ఇంజన్ మండిపోతున్నా ఈసీయూకి చల్లగానే కనిపిస్తుంది, అది ఇంకా ఇంధనం పోస్తూ పోతుంది.

బేరింగుకి ఒక నిమిషం కేటాయించండి. స్టార్టర్ని తాకకుండా, కంప్రెసర్ నట్‌ని మెత్తని చెక్క పుల్లతో తిప్పి చెవి దగ్గర పెట్టండి. సాఫీగా తిరిగి, మెల్లగా ఆగాలి. ఇసుక రుద్దినట్టు గరగర వినిపిస్తే, లేదా ఒకచోట పట్టినట్టు ఆగితే, పైన చెప్పినవేవీ చేయకుండా నేరుగా సర్వీసుకి పంపండి. ఇలాంటి ఇంజన్‌ని స్టార్టర్ ఎంత లాగినా 18,000 దాటించలేదు. అమ్మినవాళ్ళని ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో అడిగారా? ఈసీయూలోనే రన్ టైమ్ ఉంటుంది. చాలా ఇంజన్లకి 25 గంటలకో, 50 గంటలకో సర్వీసు చెబుతారు.

ఇవన్నీ అయ్యాక సెట్టింగులు. సెకండ్ హ్యాండ్ ఈసీయూలో పాత యజమాని ఏమేం తిప్పి పెట్టాడో ఎవరికి తెలుసు. ఇప్పుడున్న విలువలన్నీ ఫోటోలు తీసుకుని, తయారీదారు ఇచ్చిన మొదటి విలువలకి రీసెట్ చేసి, రిమోట్ కంట్రోల్ రేడియో స్థానాల్ని ఈసీయూకి మళ్ళీ నేర్పించండి. రీసెట్ చేసిన విలువలతో, శుభ్రమైన పంపుతో, బుడగలు లేని పైపుతో, మంచి ప్లగ్‌తో కూడా నిప్పు ఆలస్యంగా పడుతుంటే అప్పుడు స్టార్ట్ పంపు వోల్టేజీ ఒక్క మెట్టు, ఒక్కటంటే ఒక్కటే, మార్చండి. చిత్రమేమిటంటే, పెంచడం కంటే తగ్గించడమే ఎక్కువసార్లు పనిచేస్తుంది. ఎక్కువ కిరోసిన్ ఒకేసారి పడితే ప్లగ్ తీగ చల్లారిపోతుంది, తడిసిన అగ్గిపుల్లలా.

ఒకరోజులో ఒక మార్పే చేయండి. రెండుసార్లు ఫెయిలైతే ఆపి, ముక్కు పైకెత్తి ఇంధనం తీసి, లాగ్ చూసి, ఆ తర్వాతే మూడోది. ఇంజన్ వేడిగా ఉండగా వెంటనే తిప్పకండి, ఈసీయూ చల్లార్చడం ముగించి టెంపరేచర్ 100 కిందికి దిగనివ్వండి. చల్లారేటప్పుడు కేసింగ్, వీలు ఒకే తీరుగా కుదించుకోవు, అప్పుడు బలవంతంగా తిప్పితే రెక్కలు పక్కలకి రాసుకుంటాయి. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి కాబట్టి మోడల్లోంచి తీసి టెస్ట్ స్టాండ్ మీద పెట్టగలిగితే అన్నీ కళ్ళెదుట కనిపిస్తాయి. పక్కన ఇంకొకరు సిలిండర్ పట్టుకుని ఉండాలి. టర్బైన్ వీలు తిరిగే వరసకి పక్కగా ఎవరూ నిలబడకూడదు, టెయిల్ పైపు వెనక కూడా.

ఈసారి స్టార్ట్ చేసినప్పుడు నాలుగు అంకెలు రాసి పంపండి. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ ఎంతకి పడింది, నిప్పు పడ్డప్పుడు ఆర్‌పీఎం ఎంత, ఆగిపోయే ముందు గరిష్ఠ ఈజీటీ ఎంత, ఆ సమయంలో పంపు వోల్టేజీ ఎంత. ప్లగ్ విప్పినప్పుడు వెలుగుతున్న తీగ ఫోటో తీయగలిగితే అది కూడా పెట్టండి, నాకైతే అనుమానం ఇప్పటికీ దాని మీదే ఉంది.